పాము కరిచిన మనిషిని ఎదురుగా పెట్టుకుని గాజు గొట్టం చూస్తూ కూర్చుంటారా?

కయ్యకాడ
మొన్న శనివారం సాయంత్రం మా నాయనను పాము కరిచింది. మా ఊరు నెల్లూరు జిల్లా ఆత్మకూరు వైపు. కయ్యకు నీళ్లు మళ్లిద్దామని గెనిమ మీద పోతుంటే ఎడమ కాలి మడమ పైన వేసింది. కుక్కర్ కూసినట్టు పెద్దగా బుస వినపడిందట, కాలు తీసేలోపే కాటు పడిపోయింది. ఒంటి మీద గొలుసు మచ్చలు, లావుగా, పొట్టిగా ఉందన్నాడు. రక్తపింజరే.

ముందు ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు పోతే చెయ్యి కూడా వెయ్యకుండా "ఇక్కడ కుదరదు, వేరే చోటికి తీసుకెళ్లండి" అన్నారు. ఆటోలోనే ఒక చిన్న సర్కారు ఆస్పత్రికి పోయాం. అక్కడ డాక్టర్ ఉన్నాడు, మందు ఉంది. అయినా వెంటనే ఎక్కించలేదు. రక్తం కొంచెం తీసి గాజు గొట్టంలో పోసి, దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి 20 నిమిషాలు ఆగమన్నారు! కాలు ఉబ్బిపోతోంది, మా అమ్మ ఏడుస్తోంది, వాళ్లేమో గడియారం చూసుకుంటున్నారు. నాకు ఒళ్లు మండి గట్టిగా అరిచాను. నా బాధ ఒకటే. విషం ఎక్కిన మనిషికి విరుగుడు చేతిలో పెట్టుకుని ఆగడమేంటి? ఇక్కడ డాక్టర్లు ఉంటే చెప్పండి.

నిమ్మతోట_గూడూరు
ముందు నాయన ఎలా ఉన్నాడు అబ్బయా? అది చెప్పు.

కయ్యకాడ
పెద్దాస్పత్రిలో ఉన్నాడు. మాట్లాడుతున్నాడు. కాలు మోకాలి దాకా వాచింది. మూత్రం కొలుస్తున్నారు.

పొగాకు_బ్యారన్
మా దగ్గర కూడా ఇదే తంతు. పాము కరిచింది మహాప్రభో అంటే పరీక్ష అంటారు, చీటీ అంటారు, ఆధార్ అంటారు. నీ కోపం న్యాయమే తమ్ముడూ.

డ్యూటీ_డాక్టర్
నేను 9 ఏళ్లుగా పల్లెటూరి సర్కారు ఆస్పత్రుల్లోనే పని చేస్తున్నాను. మెట్టలోనూ చేశాను, డెల్టాలోనూ చేశాను. మీ కోపం నాకు అర్థమైంది. కానీ ఆ గాజు గొట్టమే మీ నాయనకు మేలు చేసింది. ఎందుకో చెప్తాను.

పాము కరిచిన ప్రతి మనిషికీ విషం ఎక్కదు. విషం లేని పాము కావచ్చు. విషప్పామే అయినా ఒక్కోసారి విషం వదలకుండా ఉత్త కాటు వేసి పోతుంది. ఏఎస్‌వీ, అంటే పాము విషానికి విరుగుడు, గుర్రం రక్తం నుంచి తీసే మందు. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, దాని ఒంట్లో తయారయ్యే విరుగుడును వేరు చేసి మనకిస్తారు. పరాయి జంతువు సరుకు కాబట్టి కొందరి ఒళ్లు దాన్ని తట్టుకోలేదు. దద్దుర్లు, చలి వణుకు, వాంతులు, ఇంకా ముదిరితే ఊపిరి బిగుసుకుని బీపీ పడిపోతుంది. విషం ఎక్కని మనిషికి ఇది ఎక్కిస్తే లేని ప్రమాదం మనమే తెచ్చిపెట్టినట్టు.

రక్తపింజర విషం రక్తాన్ని గడ్డ కట్టించే పదార్థాలను ఖర్చు పెట్టేస్తుంది. అందుకే 2 మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదిలించకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూస్తాం. పెరుగులా పేరుకుంటే ఆ గంటకు రక్తం బాగున్నట్టే. నీళ్లలా జారితే విషం లోపల పని చేస్తున్నట్టు, ఇక క్షణం ఆగం.

చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నా, కనురెప్పలు వాలిపోతున్నా, వాపు కళ్లెదుటే పైకి పాకుతున్నా గొట్టం కోసం ఎదురుచూడకూడదు. రక్తం తీసి పక్కన పెట్టి మందు మొదలుపెట్టాలి. మీరు పోయిన సమయానికి వాపు ఎంతవరకు ఉంది?

కయ్యకాడ
మడమ దగ్గరే. పాదం మీదకు కొంచెం. చిగుళ్లు లైటు వేసి చూశారు, ఏమీ లేదన్నారు.

డ్యూటీ_డాక్టర్
అయితే ఆయన ఆగింది సరైన పనే. గొట్టంలో ఏం తేలింది?

కయ్యకాడ
నీళ్లలాగే ఉంది. వంచగానే జారిపోయింది. నా కళ్లతో చూశాను. తర్వాత ఒకేసారి పది సీసాలు కలిపి సెలైన్‌లో పెట్టారు, గంటసేపు ఎక్కింది. ఆ తర్వాతే 108లో పెద్దాస్పత్రికి పంపారు.

రాత్రిడ్యూటీ_సిస్టర్
మందు మొదలుపెట్టి పంపారు చూడండి, అదీ పని తెలిసిన ఆస్పత్రి. నేను స్టాఫ్ నర్సును. ఆ గొట్టం సంగతి నేను కూడా చెప్తాను.

గొట్టం కొత్తది కావాలి. సబ్బుతోనో పౌడర్‌తోనో కడిగిన గాజులో మంచి రక్తం కూడా గడ్డ కట్టదు. ప్లాస్టిక్ గొట్టంలో అసలు చూడకూడదు. అప్పుడు లేని విషం ఉన్నట్టు కనపడుతుంది. అందుకని కొత్త గాజు గొట్టాలు పది ఎప్పుడూ ఒక డబ్బాలో వేసి, "పాము" అని రాసి ఎమర్జెన్సీ ట్రేలో ఉంచుతాను. రక్తం పోశాక కిటికీ గట్టు మీద నిలబెట్టి, గోడకు ప్లాస్టర్ ముక్క అంటిస్తాను. లేకపోతే పేషెంటు తాలూకు వాళ్లు వచ్చి "గడ్డ కట్టిందా సిస్టర్?" అని ఎత్తి ఊపుతారు. ఊపితే పరీక్ష పాడైనట్టే, మళ్లీ 20 నిమిషాలు.

ఆ 20 నిమిషాలూ మేం ఊరికే కూర్చోం. సూది పెట్టి లైన్ ఉంచుతాం, బీపీ చూస్తాం, వాపు ఎంతవరకు వచ్చిందో కాలి మీద పెన్నుతో గీత గీసి పక్కన టైము రాస్తాం, టీటీ ఇస్తాం, ఏఎస్‌వీ పడకపోతే ఆదుకునే అడ్రినలిన్ సిరంజిలోకి తీసి రెడీగా పెట్టుకుంటాం.

కయ్యకాడ
అవును సిస్టర్, మా నాయన కాలి మీద మూడు నల్ల గీతలు ఉన్నాయి. ఎందుకో అనుకున్నాను.

ప్రశ్నలపుట్ట
పది సీసాలా? మా వాడికి ఒక్క సూది వేసి ఇంటికి పంపారే!

డ్యూటీ_డాక్టర్
అది టీటీ అయి ఉంటుంది. ఏఎస్‌వీ ఒక్క సీసాతో సరిపెట్టే మందు కాదు. ఒక్క సీసా, అంటే 10 మిల్లీలీటర్లు, రక్తపింజర విషం 6 మిల్లీగ్రాములను మాత్రమే ఆపగలదు. నాగుపాముదీ అంతే. కట్లపాముది, చిన్న పింజరది 4.5. పాము ఒక్క కాటులో వదిలేది దానికి చాలా రెట్లు ఉంటుంది. అందుకే మొదటి విడతే 8 నుంచి 10 సీసాలు. కాటు పడిన చోట పొడిచే సూది కాదిది, నరానికే ఎక్కించాలి.

ప్రశ్నలపుట్ట
పిల్లలకు సగమా సార్?

డ్యూటీ_డాక్టర్
అంతే డోసు. పాము పిల్లాడని తక్కువ విషం వదలదు కదా. చిన్న ఒంట్లో అదే విషం ఇంకా ఎక్కువ చేటు చేస్తుంది. గర్భిణికీ అదే డోసు.

ఉదయగిరి_కొండ
అందరూ డాక్టర్ల పక్షమే మాట్లాడుతున్నారు. మా ఊళ్లో ఒక పెద్దాయన 30 ఏళ్లుగా పాము మంత్రం వేస్తున్నాడు. పైసా తీసుకోడు. ఆయన చేతుల మీదుగా లేచి నడిచి ఇంటికి పోయిన వాళ్లను నేను చూశాను. మా మేనత్త వాళ్లలో ఒకరు. ఇదంతా అబద్ధమంటారా?

నిమ్మతోట_గూడూరు
అబద్ధమని ఎవరూ అనలేదన్నా. మా తాత కూడా చెప్పేవాడు, ఎక్కడో రైల్వే స్టేషన్‌లో ఒక మాస్టరుండేవాడట, ఆయనకు తంతి కొడితే చాలు ఇక్కడ విషం దిగిపోయేదట. ఆ కాలంలో ఆస్పత్రి ఎక్కడుంది, మందు ఎక్కడుంది? అదొక ధైర్యం జనానికి.

డ్యూటీ_డాక్టర్
మీ మేనత్త బతకడం నిజమే. ఆమెను కరిచింది ఏ పాము? జెర్రిపోతో, నీరుకట్టో అయితే మంత్రం వేసినా బతుకుతుంది, వెయ్యకపోయినా బతుకుతుంది. ఉత్త కాటైనా అంతే. బతికినవాళ్లు వచ్చి ఆ పెద్దాయన కాళ్లకు మొక్కుతారు. పోయినవాళ్ల ఇంటివాళ్లు "ఆలస్యంగా తెచ్చాం, మా కర్మ" అనుకుని ఊరుకుంటారు. ఆయన్ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన దగ్గర పోయే గంట గురించే నా బాధంతా.

కనిగిరి_ఆడపడుచు
మా అమ్మది ఇదే కథ. కంది చేలో కలుపు తీస్తుంటే చేతి మీద కరిచింది. వేరు మందు మింగించి, పసరు కట్టి, ఆ రాత్రికి ఇంట్లోనే ఉంచారు. తెల్లారేసరికి చెయ్యి భుజం దాకా వాచింది, మూత్రం ఎర్రగా వచ్చింది, తర్వాత ఆగిపోయింది. ఆస్పత్రికి పోయాక ఏఎస్‌వీ ఎక్కించారు, రక్తం బాగుపడింది గానీ కిడ్నీలు అప్పటికే దెబ్బతిన్నాయి. ఐదుసార్లు డయాలసిస్ చేశారు. చేతి గాజులు కోసి తీయాల్సి వచ్చింది. ఆ గాజు ముక్కలు ఇప్పటికీ మా అమ్మ బీరువాలో దాచుకుంది, ఎందుకో అడిగితే చెప్పదు.

దయచేసి వాపు రాకముందే గాజులు, ఉంగరాలు, మెట్టెలు, పట్టీలు, మొలతాడు తీసేయండి.

ఉదయగిరి_కొండ
అమ్మ ఇప్పుడు బాగున్నారా అక్కా?

కనిగిరి_ఆడపడుచు
బాగుంది తమ్ముడూ. రెండు నెలలు పట్టింది. ఆ చేతి చూపుడు వేలు మడవలేదు, అంతే.

మార్కాపురం_పలక
పాముల పేర్ల విషయంలో ఒక మాట. మా వైపు కొందరు చిన్న పింజరను కూడా రక్తపింజర అనే అంటారు. రాళ్లల్లో తిరిగే చిన్నది, పొలుసులు రుద్దుకుంటూ గరగర శబ్దం చేస్తుంది. ఇంకొందరు పెద్దదాన్ని పొడపాము అంటారు. 1796లో రస్సెల్ అనే డాక్టరు కోరమాండల్ తీరం పాముల గురించి రాస్తూ ఈ పెద్దదానికి మనవాళ్లు చెప్పిన "కాటుక రేకుల పొడ" అనే పేరే రాసుకున్నాడు. తర్వాత లోకమంతా ఆ పాముకు ఆయన పేరు పెట్టుకుంది. ఒంటి మీద కాటుక దిద్దిన రేకుల్లాంటి మచ్చలు. ఎంత చక్కని పేరు పోగొట్టుకున్నాం!

అడగదలచింది ఏంటంటే, పేరు తప్పు చెప్తే వైద్యం మారిపోతుందా సార్?

డ్యూటీ_డాక్టర్
మారదు. మన దేశంలో వాడే ఏఎస్‌వీ నాలుగు పాములకూ కలిపి ఒకటే: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. పాము పేరు కంటే పేషెంటు ఒంటి మీది లక్షణాలే మాకు ముఖ్యం. దూరం నుంచి ఫోన్లో ఫొటో తీయగలిగితే మంచిదే. పామును చంపి తేవాలని మాత్రం వెంటపడొద్దు. తెగిన తల కూడా కాసేపటి దాకా కరవగలదు.

పైలట్_108
సార్ చెప్పింది అక్షరాలా నిజం. నేను అంబులెన్స్ నడుపుతాను. ఒకసారి రాళ్లపాడు వైపు నుంచి ఒక ముసలాయనను ఎక్కించుకున్నాం. ఆస్పత్రిలో దించాక ఆయన మనవడు గోతం పట్టుకుని లోపలికి వచ్చి, "డాక్టర్ గారూ, ఇదిగో చూడండి" అని మూతి విప్పాడు. నాగుపాము, ప్రాణంతో ఉంది! ఓపీలో 40 మంది ఉంటే ఒక్క నిమిషంలో అందరూ బయట చెట్టు కింద తేలారు. ముసలాయన మంచం పక్కన మిగిలింది నర్సమ్మ ఒక్కతే. సెలైన్ పట్టుకుని నిలబడి, "ముందు మూతి కట్టు నాయనా" అంది. ఆ గోతం నా బండిలోనే వచ్చిందని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి పేషెంటుతో పాటు సంచి ఎక్కితే విప్పి చూడకుండా బండి కదపను.

ఇంకో విషయం. మాకు ఫోన్ చేసినప్పుడు పాము కాటు అని ముందే చెప్పండి. మందు ఎక్కడ ఉందో మా ఈఎంటీ, అంటే బండిలో ఉండే వైద్య సహాయకుడు, ముందుగా ఫోన్ చేసి కనుక్కుంటాడు. బండి ఎదురొచ్చే చోటు చెప్తే మీరు కొంత దూరం రావచ్చు, సగం టైము కలిసొస్తుంది. పేషెంటును నడిపించొద్దు. కాలికి కర్ర ఆనించి గుడ్డతో వదులుగా కట్టి, కదలకుండా పడుకోబెట్టండి.

పొగాకు_బ్యారన్
బిగించి కట్టాలి కదా, విషం పైకి పోకుండా?

రాత్రిడ్యూటీ_సిస్టర్
వద్దన్నా! తువ్వాలు, తాడు, సైకిల్ ట్యూబు, ఏదీ బిగించొద్దు. రక్తపింజర కాటుకు బిగించి కడితే విషమంతా ఒకే చోట నిలిచి కండ కుళ్లిపోతుంది. నల్లబడిన కాలు చూశాను నేను. కట్టు కట్టుకుని వచ్చినవాళ్లదైతే మేం కూడా టక్కున విప్పం, అంతా సిద్ధం చేసుకుని, డాక్టర్ పక్కన ఉండగా విప్పుతాం. ఒక్కసారిగా విప్పితే ఆగిన విషమంతా ఒంట్లోకి పోతుంది. బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం కూడా వద్దు. రక్తం గడ్డ కట్టని మనిషికి గాటు పెడితే ఆ రక్తం ఆగదు.

కయ్యకాడ
మేం తువ్వాలు బిగించాం.

రాత్రిడ్యూటీ_సిస్టర్
ఎంతసేపు?

కయ్యకాడ
ఇప్పుడు కూర్చుని టైములన్నీ రాసుకున్నాను. ఉన్నది ఉన్నట్టు పెడుతున్నాను.

6:40కి కాటు. 6:55కి నాయన నడిచే ఇంటికి వచ్చాడు. తువ్వాలు కట్టాం. పసరు పోసే ఆయన దగ్గరికి తీసుకుపోయాం, అక్కడ 7:30 అయింది. ఆటో ఎక్కి నర్సింగ్ హోముకు 8:05. కుదరదన్నారు, బయటపడేసరికి 8:15. సర్కారు ఆస్పత్రికి 8:45. రక్తం తీసింది 8:50. గొట్టం వంచింది 9:10. మందు మొదలైంది 9:20.

కాటు నుంచి మందుకు 2 గంటల 40 నిమిషాలు. అందులో నేను అరిచింది 20 నిమిషాల గురించి.

నిమ్మతోట_గూడూరు
నిన్ను నువ్వు తిట్టుకోవద్దు అబ్బయా. ఆ గాభరాలో ఎవరైనా అంతే చేస్తారు. పెద్దవాళ్లు పసరు అన్నప్పుడు కాదనడం ఎంత కష్టమో నాకు తెలుసు.

డ్యూటీ_డాక్టర్
ఇది రాసినందుకు మీకు నమస్కారం. ఇలాంటి లెక్క చాలా ఇళ్లలో ఉంటుంది, బయట పెట్టేవాళ్లు తక్కువ.

నా వైపు లెక్క కూడా చెప్తాను. మీ నాయనను నర్సింగ్ హోము నుంచి పంపేశారు చూడండి, సర్కారు ఆస్పత్రుల్లోనూ అలా పంపేవాళ్లు ఉన్నారు. కారణం భయం. ఏఎస్‌వీ పెట్టాక రియాక్షన్ వచ్చి మనిషి పోతే, పాము చంపిందనరు, డాక్టర్ చంపాడంటారు. నా మొదటి పోస్టింగ్‌లో మొదటి పాము కాటు కేసు 19 ఏళ్ల అమ్మాయి. మందు మొదలైన పది నిమిషాలకు ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, "గొంతు పట్టేస్తోంది సార్" అంది. నా చేతులు వణికాయి. నర్సు నా వైపు ఒక్క చూపు చూసి అడ్రినలిన్ సిరంజి చేతిలో పెట్టింది. మందు ఆపి, తొడ కండలోకి అర మిల్లీగ్రాము ఇచ్చాను. కాసేపటికి ఊపిరి తెరుచుకుంది. దద్దుర్లు తగ్గాక అదే మందు నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాం. రియాక్షన్ వచ్చిందని మందు మానేయకూడదు, విషం ఇంకా లోపలే ఉంటుంది. ఆ అమ్మాయి మూడో రోజు ఇంటికి పోయింది. ఆ రోజు ఆ సిస్టర్ లేకపోతే నేనూ తర్వాతి కేసు నుంచి "రిఫర్" అని రాసి పంపేవాడినేమో.

అందుకే కొత్తగా వచ్చే పిల్ల డాక్టర్లకు ఇదే చెప్తుంటాను. మొదటి విడత మీ దగ్గరే మొదలుపెట్టండి, ఆ తర్వాతే పంపండి. దారిలో పోయే గంట ఖాళీగా పోకూడదు.

మందుల_స్టోరు
నేను ఫార్మసిస్టును. "స్టాక్ లేదు" అనే మాట గురించి చెప్పాలి. పొడి రూపంలో ఉండే ఏఎస్‌వీకి మరీ గట్టి చలి అక్కర్లేదు, 25 డిగ్రీలు దాటని చోట నిలుస్తుంది. ఫ్రిజ్ పాడైందని స్టాక్ పెట్టుకోకపోవడం సాకే. ఎక్స్‌పైరీ దగ్గర పడిన సీసాలను కేసులు ఎక్కువగా వచ్చే ఆస్పత్రికి ముందే పంపి, బదులు కొత్తవి తెచ్చుకోవచ్చు. మా దగ్గర అలాగే చేస్తాం. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, అదే సమయంలో నార్లు, నాట్లు. సెప్టెంబరులోనే సీసాలు లెక్కపెట్టుకోవాలి.

2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాము కాటును నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. మన కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది, 2030కల్లా మరణాలు సగానికి తగ్గించాలని. 15400 అని హెల్ప్‌లైన్ కూడా పెట్టారు, మొదటగా ఎంచుకున్న ఐదు ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. అదే ఏడాది నవంబరులో ప్రతి పాము కాటునూ నమోదు చేయాలని రాష్ట్రాలకు రాశారు. కేసు రాస్తేనే కదా ఇండెంటుకు, అంటే మందు కావాలని మేం పైకి రాసే చీటీకి, బలం వచ్చేది! రాయకపోతే మా ఊళ్లో పాములే లేనట్టు పైన లెక్క.

పులికాట్_మాస్టారు
మాది యానాది కుటుంబం. మా తాత ఎలుకలు, పాములు పట్టేవాడు. ఎక్కడ పాము కనపడినా ఊరంతా ఆయన కోసం వచ్చేది. పాము గురించి ఆయనకు తెలిసినంత నేను ఎవరి దగ్గరా వినలేదు. పుట్ట దగ్గర మన్ను చూసి లోపల ఏముందో చెప్పేవాడు. వేర్లు కూడా ఆయనకు తెలుసు. కానీ మా చిన్నాయనను నాగుపాము కరిచినప్పుడు ఆయన వేరు వెతకలేదు. భుజం మీద వేసుకుని రోడ్డు దాకా పరుగెత్తి లారీ ఆపాడు. "నా వేరు నాకు తెలుసు, అది దీనికి చాలదు" అన్నాడని మా నాయనమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఇంకో సంగతి. ఆ విరుగుడు మందుకు కావలసిన విషం ఎక్కడి నుంచి వస్తుందనుకుంటున్నారు? మనకు కింద, మహాబలిపురం దగ్గర వడనెమ్మేలిలో పాములు పట్టే ఇరుల గిరిజనుల సహకార సంఘం ఉంది, 1978లో పెట్టింది. వాళ్లు పాములను పట్టి, విషం పిండి, మళ్లీ వదిలేస్తారు. దేశంలో తయారయ్యే ఏఎస్‌వీకి ఎక్కువ భాగం ఆ విషమే ఆధారం. 2023లో ఆ సంఘానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు పద్మశ్రీ ఇచ్చారు. మా వాళ్ల లాంటి వాళ్లే వాళ్లు. మా తాత ఉండి ఉంటే చూపించేవాణ్ణి.

మార్కాపురం_పలక
మాస్టారూ, ఇది చదివి ఒళ్లు పులకరించింది.

పులికాట్_మాస్టారు
సముద్రంలో చేపల వేటకు పోయే వాళ్లకు ఒక మాట. వలలో పడే సముద్రపు పాములను చేత్తో తీసి పారేస్తుంటారు. వాటి విషానికి ఈ ఏఎస్‌వీ పని చేయదు. చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు.

పొగాకు_బ్యారన్
నేను మొదట్లో కోపంగా రాశాను గానీ, మా బ్యారన్, అంటే పొగాకు ఆకు కాల్చే కొట్టం, దగ్గర జరిగింది చెప్పాలి. ఆకు కాలుస్తున్న రోజులు. మా పాలేరు బ్యారన్ పక్కనే నేల మీద పట్టా పరుచుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి కడుపునొప్పి అని మెలికలు తిరిగాడు. ఆర్ఎంపీ గ్యాస్ బిళ్ల ఇచ్చాడు. ఆరింటికి కళ్లు మూతలు పడుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. రాత్రి తాగాడేమో అనుకున్నాం. అతనికి తాగే అలవాటే లేదు! ఒంటి మీద ఎక్కడా కాటు కనపడలేదు. ఆస్పత్రిలో డాక్టరమ్మ "రాత్రి ఎక్కడ పడుకున్నాడు?" అని ఒక్క మాట అడిగి, "కట్లపాము" అంది.

డ్యూటీ_డాక్టర్
ఆ ఒక్క ప్రశ్నే ప్రాణం నిలబెట్టింది. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు గుర్తు కూడా ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలడం, మింగలేకపోవడం, తల నిలవకపోవడం, తర్వాత ఊపిరి. ఇక్కడ గాజు గొట్టం ఏమీ చెప్పదు, రక్తం మామూలుగానే గడ్డ కడుతుంది. నాగుపాము అయితే నియోస్టిగ్మిన్, ఆట్రోపిన్ అనే సూదులు ఇస్తే రెప్పలు లేస్తాయి. కట్లపాము విషం నరం చివరనే పాడు చేస్తుంది కాబట్టి ఆ సూదికి పెద్దగా లొంగదు. నరం కోలుకునేదాకా ఊపిరి మనం అందించాలి.

రాత్రిడ్యూటీ_సిస్టర్
అలాంటి కుర్రాణ్ణి ఒకసారి పెద్దాస్పత్రికి తీసుకెళ్తూ, రోడ్డు పొడవునా గంటన్నర సేపు ఊపిరి అందించే అంబు బ్యాగ్ చేత్తో నొక్కాను. ఈఎంటీ, నేను చేతులు మార్చుకుంటూ. నొక్కితేనే ఛాతీ లేచేది. కళ్లు తెరవడు, వేలు కదపడు, చూసినవాళ్లు పోయాడనే అనుకుంటారు. వాళ్ల అన్న ముందు సీట్లో కూర్చుని "ఇంక లాభం లేదు, వెనక్కి తిప్పండి" అని ఏడ్చాడు. నేను ఆ కుర్రాడి చెవి దగ్గర వంగి, "నీకు వినపడుతోందని నాకు తెలుసు, బతుకుతావు, భయపడకు" అని చెబుతూనే ఉన్నాను.

వెంటిలేటర్ మీద ఐదు రోజులు ఉన్నాడు. తర్వాత మా ఆస్పత్రికి వచ్చి, "అన్న అన్న మాట విన్నాను, మీరు అన్నదీ విన్నాను" అన్నాడు.

కట్లపాము కాటు పడిన మనిషి మంచం పక్కన దయచేసి ఎవరూ ఆ మాట అనొద్దు.

కనిగిరి_ఆడపడుచు
సిస్టర్, మీ చేతులు చల్లగా ఉండాలి.

పొగాకు_బ్యారన్
మా వాడూ బతికాడు సిస్టర్. ఇప్పుడు బ్యారన్ దగ్గర నాలుగు నులక మంచాలు వేయించాను, దోమతెరలు తెచ్చాను. తెర అంచులు పరుపు కిందకు దోపుకోమని రోజూ చెబుతున్నాను. కట్టెల కుప్ప కూడా దూరంగా జరిపించాను.

ఉదయగిరి_కొండ
నేను రెండు రోజులుగా ఇదంతా చదువుతున్నాను. నిన్న మంత్రం వేసే పెద్దాయన దగ్గరికి పోయి మాట్లాడాను. వాదించలేదు. "పెద్దయ్యా, నువ్వు మంత్రం ఆటోలో కూర్చుని వేస్తే పని చేయదా?" అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఎందుకు చేయదు, నోరు నాదే కదా, ఎక్కడైనా చేస్తుంది" అన్నాడు. ఇకనుంచి ఎవరొచ్చినా ఆటో ఎక్కించి తానూ వెంట వస్తానన్నాడు. ఆటో డబ్బులు మేం కుర్రాళ్లం వేసుకుంటాం.

డ్యూటీ_డాక్టర్
కొండ గారూ, ఆయనకు నా తరఫున దండం పెట్టానని చెప్పండి. వార్డులోకి కూడా రానిస్తాను. ఆయన పక్కనుంటే పేషెంటుకు టెన్షన్ తగ్గుతుంది, గుండె దడ తగ్గుతుంది, అది మాకూ మంచిదే.

ప్రశ్నలపుట్ట
పీహెచ్‌సీలో మందు ఉందో లేదో ముందే తెలుసుకోవడం ఎలా?

మందుల_స్టోరు
పోయి అడగండి. పాము కరవకముందే. "మీ దగ్గర ఏఎస్‌వీ ఎన్ని సీసాలున్నాయి?" అని. పది కంటే తక్కువుంటే సర్పంచ్‌తో ఒక అర్జీ రాయించి మెడికల్ ఆఫీసర్‌కు ఇవ్వండి. అడిగేవాళ్లు ఉంటే ఇండెంట్ త్వరగా కదులుతుంది.

నిమ్మతోట_గూడూరు
ఈ రోజు పొద్దున పోయి అడిగాను. 12 ఉన్నాయన్నారు. గాజు గొట్టాలు ఉన్నాయా అంటే ఆ నర్సమ్మ ఆశ్చర్యపోయి, నవ్వి, డ్రాయర్ తీసి చూపించింది.

కయ్యకాడ
నాయన సంగతి. ఆ రాత్రి మూడున్నరకు పెద్దాస్పత్రిలో మళ్లీ గొట్టం పెట్టారు. అప్పటికీ గడ్డ కట్టలేదు, ఇంకో విడత ఎక్కించారు. పొద్దున తొమ్మిదిన్నరకు ఇంకోసారి పెట్టారు. ఈసారి ఆ 20 నిమిషాలూ నేనే ఆ గొట్టం పక్కన నిలబడ్డాను, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. సిస్టర్ వచ్చి వంచింది. కదల్లేదు. తలకిందులు చేసింది. ముద్దగా అడుగునే ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.8 దాకా పెరిగి తగ్గుతోంది. డయాలసిస్ అక్కర్లేదన్నారు. వాపు దిగడానికి వారాలు పడుతుందట.

రేపు ఇంటికి పంపుతున్నారు. దారిలో ఆ చిన్న ఆస్పత్రి దగ్గర ఆటో ఆపాలి. అరిచినందుకు ఆ డాక్టర్‌కు క్షమాపణ చెప్పుకోవాలి.

రాత్రిడ్యూటీ_సిస్టర్
ఇంటికి వచ్చాక కూడా మూత్రం ఒక సీసాలో కొలిచి రాసుకోండి. తగ్గినా, రంగు మారినా వెంటనే వెళ్లండి. ఆ కాలి మీద గీతలు సబ్బుతో పోతాయి, గట్టిగా రుద్దొద్దు.

కయ్యకాడ
సరే సిస్టర్. గమ్ బూట్లు కొన్నాను. నాయన బురదలో అవి వేసుకుని నడవలేనంటున్నాడు. అమ్మ వాటిని గడప దగ్గరే పెట్టింది, అవి వేసుకోకుండా కయ్యకు పోతే అన్నం పెట్టనని చెప్పింది.